భూకంపం కాదవ్వా

మా కాలేజీ ఫిజిక్స్ మేడం ఇక లేరని వనపర్తి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. గుండెపోటు. గద్వాలలో ఏళ్ల తరబడి ఆమెతో కలిసి పాఠాలు చెప్పినదాన్ని. 

రిటైరయ్యే ముందు ఆమె కాలేజీ మూలగదిలో భూకంపాలు పట్టే చిన్న యంత్రం పెట్టించారు. మా వైపు భూకంపాలెక్కడివని స్టాఫ్‌రూంలో నవ్వుకున్నాం. మేడం నన్ను తీసుకుపోయి తెర ముందు కూర్చోబెట్టారు. రైలు వచ్చినా, పక్క వీధిలో బోరు వేస్తున్నా గీత వణికేది. మైదానంలో ఆడపిల్లలు బతుకమ్మ ఆడుతుంటే వాళ్ల అడుగులకూ లేచి పడేది. కరోనాకు అన్నీ మూతపడినప్పుడు అదే గీత సన్నబడిపోయింది. "చూసినవా చెల్లె, మనం ఊకుంటే భూమి ఎంత నిమ్మళంగ ఉంటదో," అన్నారు.

తర్వాత కొన్నాళ్లకు ఇటిక్యాల వైపు ఒక ఊళ్లో ఇళ్లు అదరసాగాయి. గోడలు పగిలాయి. భూకంపమని భయపడి జనం పిల్లలతో సహా చేలల్లో పడుకుంటున్నారు. మేడం యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను.

ఒక ముసలమ్మ ఆమె చేయి పట్టుకుంది. "భూమి మమ్మల్ని మింగుతదా బిడ్డా?"

"ఇప్పుడైతే నాకు తెల్వదవ్వా. చూసి చెప్త."

మింగదని చెప్తే ఏం పోయేదని తిరుగు దారిలో అడిగాను. "భయపడ్డోళ్లకు ఉత్త మాట చెప్పొద్దు చెల్లె," అన్నారు.

యంత్రాన్ని ఆ ముసలమ్మ ఇంట్లోనే ఉంచి, వీలైనప్పుడల్లా వెళ్లి చూసేవారు. పెద్ద కుదుపులన్నీ మధ్యాహ్నం అన్నం వేళకే. ఆదివారం ఒక్కటీ లేదు. గుట్ట అవతల కంకర క్వారీలో కూలీలు అన్నానికి బయటికి వచ్చాక రాయి పేల్చేవాళ్లు. అక్కడి పేలుడుకు ఇంత దూరాన గోడలు అదురుతాయని ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

మేడం పంచాయతీ ముందు అందర్నీ కూర్చోబెట్టి గీతలు చూపించారు. "భూకంపం కాదవ్వా. భూకంపానికి అన్నం యాళ్ల తెల్వదు, ఆదివారం తెల్వదు. గిది మనుషుల పని. మనుషులనైతే అడగొచ్చు."

అడిగారు. "నీకెందుకమ్మా గివన్ని?" అని క్వారీ యజమాని కసిరాడు. ఆమె ఊరివాళ్లతో పాటు ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి క్వారీవాళ్లు పేలుడు మందు తగ్గించారు, ముందుగా సైరన్ మోగించడం మొదలుపెట్టారు. క్వారీ మూయించమని మాత్రం ఆమె అడగలేదు. ఆ ఊరివాళ్లే అక్కడ కూలీలు. చేలల్లోంచి జనం మెల్లగా ఇళ్లకు చేరారు.

నిన్న ఆ ఊరు వెళ్లి మేడం పోయిన సంగతి చెప్పాను. ముసలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గీ గడప మీదనే కూసొని సల్ల తాగేది," అంది. అంతలో సైరన్ మోగింది. వాకిట్లో పల్లికాయలు ఒలుస్తున్న ఆమె కోడలు లేచి లోపలికి పోయింది. నిద్రపోతున్న పసిబిడ్డ చెవులను రెండు అరచేతులతో మూసింది. నేల అదిరి, ఆగింది. బిడ్డ నిద్రలోనే ఒకసారి కాలు ముడిచి చాపింది.