జాడీలో తగ్గిన వైన్

రెండేళ్ల క్రితం మ్యూనిక్‌లో మా ఇంటి కింది కెల్లర్ గదిలో కొలత గీతలున్న జాడీలో పదిహేను లీటర్ల ప్లమ్ వైన్ పెట్టాను. ఎంత పులిసిందో తెలుసుకోవడానికి రోజూ సన్నని గాజు గొట్టంలోకి వంద మిల్లీలీటర్లు తీసి కొలిచేవాణ్ణి. తిరిగి పోస్తే మిగతాది పాడవుతుందని దాన్ని సింకులో పారబోసేవాణ్ణి. సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ప్రతి అంకెనూ పుస్తకంలో రాసేవాణ్ణి.

అప్పుడే మా మరదలు లలిత, ఆమె భర్త శ్రీధర్ ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో దిగారు. శ్రీధర్ తాగుడు మానేసి అప్పటికి నాలుగేళ్లయింది.

పద్దెనిమిదో రోజున జాడీ మీది గీతలు చూస్తే దాదాపు రెండు లీటర్లు తక్కువగా ఉంది. భోజనాల దగ్గర అందరి ముందూ అనేశాను.

"శ్రీధర్, కెల్లర్ తాళంచెవి మనిద్దరి దగ్గరే ఉంది. నేనైతే చుక్క ముట్టలేదు."

అతను అన్నం కలుపుతున్న చేయి ఆపి, భార్య వైపు వంగి, వాసన చూడమన్నట్టు ఆమె ముఖం మీద మెల్లగా ఊపిరి వదిలాడు. బాగా అలవాటైన పనిలా చేశాడు.

లలిత కళ్లు తుడుచుకుంది. "బావా, రోజూ గొట్టంలోకి తీసి సింకులో పోస్తున్నదెవరు? అది లెక్కలో వేశారా?"

రోజుకు వంద చొప్పున పద్దెనిమిది రోజులకు పద్దెనిమిది వందల మిల్లీలీటర్లు. సరిగ్గా సరిపోయింది.

క్షమించమన్నాను. "పర్లేదన్నయ్యా, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అంటారనుకుంటూనే ఉన్నా," అన్నాడు శ్రీధర్.

ఆ వైన్ బాగానే కుదిరింది కానీ తాగబుద్ధి కాలేదు. లెక్క తప్పగానే నా పుస్తకం తిరగేయకుండా అతని గతాన్ని తిరగేశానన్న సిగ్గు ఇప్పటికీ పోలేదు.