పద్మలత బల్ల

ఆర్మూర్‌లోని ఆ పసుపుపొడి కార్ఖానాలో చిట్టచివరి బల్ల పద్మలతది. ప్రతి ప్యాకెట్‌నూ చెవి దగ్గర పెట్టుకొని రెండు అరచేతులతో నొక్కేది. గాలి బుస్సుమన్నా, వేళ్లకు పొడి అంటినా వెనక్కి పంపేసేది. వెంటనే ప్యాకెట్లకు సీలు వేసే మిషన్ నడిపే గజేందర్ ఊగిపోతూ వచ్చేవాడు: "గట్ల పిసుకుతే రాయి గూడ పగుల్తది పద్మక్కా!" కవర్లు కొనుక్కొచ్చే వహీద్ వచ్చి తప్పు మిషన్‌దే అనేవాడు. కొట్లాట చాయ్‌తో ముగిసేది. పద్మలత మగడు మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఆమెకు గొడవపడటానికైనా మనిషి లేడు.

ఈ ఏడు కొత్త ప్యాకెట్ తయారుకాకముందే సేటు అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. కవరు మందం వహీద్ చెప్పాడు, సీలు వెడల్పు గజేందర్ చెప్పాడు, పొడి సీలులో ఇరుక్కోకుండా, అది పడే గొట్టం కిందికి దించమని పద్మలత చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎంత నవ్విందో! ప్యాకెట్ కుదిరింది. ఇక ఒక్కటీ లీకవలేదు, బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు. నిన్న ఆమే పసుపు చేతులతో మిషన్ దగ్గరికి ఉరికింది. "ఇగో గజేందర్, లీకయితున్నది!" అతను తిప్పి చూశాడు. "గిది పాత ప్యాకెట్ గదక్కా, ఏడ దొరికింది?" ఇన్నాళ్లూ తన టిఫిన్ సంచిలో దాచుకున్నదని పద్మలత చెప్పలేదు. "జర చాయ్ తాగుదమా?" అంది.