నాలుగింటి మిస్డ్ కాల్

మా పని పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. పీర్ సపోర్ట్ అంటే డాక్టరు పనా, లాయరు పనా అని అడుగుతారు. రెండూ కాదు. నాకు ఎడమ కాలికి పోలియో, చంకకర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేను. పైగా ఆడవాళ్లనే ప్రేమించే ఆడదాన్ని. ఈ రెండింటితో ఏలూరులో నలభై ఏళ్లు నెట్టుకొచ్చాను కాబట్టి, నాలాంటి వాళ్లు ఫోన్ చేస్తే వింటాను. అదే పని. ఆఫీసుల్లో మమ్మల్ని దివ్యాంగులంటారు, బస్సెక్కితే కుంటిదంటారు, ఇక ప్రేమ సంగతి తెలిస్తే ఏమంటారో రాయడం నాకిష్టం లేదు. మా సంస్థకిచ్చిన గది కూడా మేడ మీద. మాలో సగం మంది మెట్లెక్కలేరన్న సంగతి ఆ గది చూసిపెట్టినవాళ్లకి తోచలేదు.

నాకు ఫోన్ చేసేవాళ్లలో ఒకమ్మాయిది పెదపాడు దాటాక కొల్లేటి వైపు, చేపల చెరువుల మధ్య ఉన్న ఊరు. అమ్మాయి అంటున్నాను గానీ ఇరవయ్యారేళ్ల మనిషి. ఆటిజం ఉంది, కుడి చెయ్యి, కుడి కాలు పుట్టుకతోనే బిగుసుకుని ఉంటాయి. తాడేపల్లిగూడెంలో జిరాక్సు షాపులో పనిచేసే ఒకావిడంటే ప్రాణం. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. భయం వేస్తే అమ్మాయికి మాట రాదు. ఆవిడకి పెట్టే మెసేజీలు దాచుకోవడమే అవస్థ, ఇంక నాకూ పెడితే అన్నయ్య చూస్తాడేమోనని భయం. అందుకని తనే ఒక పద్ధతి పెట్టింది. రోజూ సాయంత్రం నాలుగింటికి నాకు ఒక మిస్డ్ కాల్ వస్తే తను బాగున్నట్టు. రాకపోతే నేను బయల్దేరి వెళ్లాలి. నాలుగంటే నాలుగే. ఒక్క రింగు, కట్. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదు. ఆ రింగు విన్నాకే నేను పొయ్యి మీద టీ పెట్టేదాన్ని.

మా పనిలో గట్టి నియమం ఒకటే. ఒక మనిషి చెప్పింది ఆ మనిషిని అడక్కుండా ఇంకొకరికి చెప్పకూడదు. నేను మొహమాటానికి పోయి దాన్ని మీరాను. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు వాళ్లమ్మగారు చేపల పులుసుతో అన్నం పెట్టి, రోజూ నాలుగింటికి ఆ ఫోన్ ఏంటండీ అని మెల్లగా అడిగారు. అంత మెత్తగా అడిగితే కాదనడం మా గోదావరి వాళ్లకి చేతకాదు. తల్లి కదా, తెలిస్తే మంచిదే కదా అనుకుని మొత్తం విప్పి చెప్పాను. ప్రేమ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ దాచినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొన్న వర్షాల తర్వాత ఒక సోమవారం ఆ కాల్ నాలుగూ ఆరుకి వచ్చింది. మూడు రింగులయ్యాక ఆగింది. చేతిలో టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. మర్నాడు నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చింది. ఆ మర్నాడు నాలుగుంపావుకి. ఇది తను కాదేమో అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ వారం నా కాలు వాచి ఉంది. ఆ చెరువు గట్ల మీద ఆటో కుదుపులు తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. ఎలాగైతేనేం కాల్ వచ్చింది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఐదో రోజు తాడేపల్లిగూడెం ఆవిడ ఫోన్ చేసింది. నా నంబరు ఎప్పుడో ఆ అమ్మాయే ఇచ్చిందట. నాలుగు రోజులుగా ఆ అమ్మాయి తన మెసేజీలు చూడటం లేదు, ఏమైందో మీకేమైనా తెలుసా అండీ అని అడిగింది. నేను బాగా అనుభవం ఉన్నదానిలా మాట్లాడాను. తనకి కొంచెం టైం కావాలేమో, ఒక్కోసారి మనుషులకి దూరంగా ఉండాలనిపిస్తుంది, ఒత్తిడి పెట్టకండి అన్నాను. నాకు రోజూ కబురు అందుతోంది, బాగానే ఉంది అని కూడా చెప్పాను. ఆవిడ సరేనండి అని పెట్టేసింది. ట్రైనింగుల్లో నేర్చుకున్న ఆ మాటలు నా నోట్లోంచి ఎంత హాయిగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

పదకొండో రోజు ఆవిడ మళ్లీ చేసింది. నిన్న తన పుట్టినరోజైనా కబురు లేదని చెప్పి, ఆ అమ్మాయి తేదీ మర్చిపోవడం మీరెప్పుడైనా చూశారా అని మాత్రం అడిగింది. నేను కర్ర అందుకుని ఆటో పిలిచాను.

పెదపాడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. పిట్టలు దిగకుండా కట్టిన దారాలకి ఒక నీటికాకి చిక్కుకుని తలకిందులుగా వేలాడుతోంది. చేపలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్లని కొడుతూనే ఉన్నాయి, గట్ల మీద ఒక్క మనిషి లేడు.

నన్ను చూడగానే వాళ్లమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మాయి పడుకుందన్నారు, అంతలోనే చుట్టాలింటికి వెళ్లిందన్నారు. మజ్జిగ ఇచ్చారు. గుమ్మం పక్కన ఆ అమ్మాయి చెప్పులున్నాయి. కుడి చెప్పు ఆమె పాదానికి తగ్గట్టు విడిగా కుట్టించింది, ఆ జత తప్ప ఇంకే చెప్పులతోనూ ఆమె నడవలేదు. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ గోడ గడియారం వైపు చూసి, ఇప్పుడే వస్తానండి అని లోపలికి వెళ్లారు. నా ఒళ్లో ఫోన్ మోగింది. తెర మీద ఆ అమ్మాయి పేరు. మూడు రింగులయ్యాక ఆగింది.

ఆవిడ బయటికొచ్చి నా మొహం చూసి గుమ్మంలోనే కూర్చున్నారు.

"కాల్ రాకపోతే వచ్చేస్తానన్నారు కదండీ. మీరొస్తే మావాడు ఊరుకోడు. మీరు కంగారుపడకూడదనే రోజూ చేశానండీ."

తర్వాత అన్నీ చెప్పారు. కొడుకు చెల్లెలి మెసేజీలన్నీ చదివాడట. ఫోన్ లాక్కుని బీరువాలో పడేసి, ఇలాంటివాళ్లని మామూలు మనుషుల్ని చేస్తారని ఎవరో చెబితే గణపవరం అవతల ఒక ఇంట్లో అప్పజెప్పి వచ్చాడట. వెళ్లి చూసే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే కొడుకు చెరువు మీదకి వెళ్లగానే ఆవిడ వచ్చి ఊరి బయట ఆగిన మా ఆటో ఎక్కారు. నేను రాత్రే ఫోన్ చేసి పిలిచిన తాడేపల్లిగూడెం ఆవిడ కూడా ఉంది. ఆ ఇంటి గేటుకి లోపలి నుంచి తాళం. ఇరవయ్యారేళ్ల మనిషి బయటికి రావడానికి తల్లి సంతకం కావాలట. గంటసేపు వాదించాక ఆ సంతకం పెట్టించుకుని వదిలారు. అమ్మాయి జుట్టు మొదలంటా కత్తిరించేశారు. ఒట్టి కాళ్లతో, గోడ పట్టుకుని వచ్చింది. మమ్మల్ని చూసి ఏడవలేదు. తాడేపల్లిగూడెం ఆవిడ చున్నీ అంచు పిడికిట్లో పట్టుకుని ఆటో ఎక్కింది.

ఇంటికి వెళ్దామని ఎవరూ అనలేదు. ఆటో తాడేపల్లిగూడెం వైపు తిప్పమన్నాం. ఆ మెసేజీల్లో జిరాక్సు షాపు పేరు కూడా ఉంటుందని, వాళ్లన్నయ్య అక్కడికీ రాగలడని మాకు తెలుసు. వాళ్లమ్మగారి ఫోన్ మోగుతూనే ఉంది, కొడుకు. ఆవిడ ఎత్తలేదు, కట్ చెయ్యనూ లేదు.

కొంతదూరం పోయాక అమ్మాయి నా వైపు చెయ్యి చాచింది. ఫోన్ ఇచ్చాను. కాల్స్ లిస్టు తీసి ఎడమచేతి వేలితో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లింది. తను చెయ్యనివి పదకొండు కాల్స్. ఆ సోమవారం దగ్గర ఆగింది. ఏదో టైపు చేసి నాకు చూపించింది.

"నాలుగూ ఆరు. ఇది నేను కాదని మీకు తెలియలేదా అక్కా?"

సిగ్నల్ అని చెప్పొచ్చు, కాలు వాపు అని చెప్పొచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి. నాకు సిగ్గేసింది.

"తెలిసింది," అన్నాను.

ఆమె ఫోన్ నా ఒళ్లో పెట్టేసి, అటు తిరిగి కూర్చుంది.