పాట కోసం దిద్దిన మాట

మా నాటకం వేదిక దాకా ఎందుకు రాలేదని అడిగినవాళ్లకు హాలు దొరకలేదని చెప్పేవాణ్ణి. హాలు దొరికింది. ఆడేవాళ్లే మిగల్లేదు. దానికి కారణం నేను.

ఉద్యోగానికి గుంటూరు నుంచి చెన్నై వచ్చిన నాకు, ఈ ఊళ్లో మనసు విప్పి తెలుగులో మాట్లాడుకోవడానికి ఉన్నది ఒక్క స్నేహితుడు. చూలై అనే పేటలో పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. తరతరాలుగా ఇక్కడివాళ్లే. ఆదివారం వెళితే వాళ్లమ్మ నాకూ ఒక కంచం పెట్టేది. మా ఇద్దరికీ పాత సినిమా పాటల పిచ్చి. అందరికీ తెలిసిన పాటల్ని పేర్చి, మధ్యలో ఒక కథ నడిపి, తెలుగు సంఘం వేదిక మీద ఆడాలనుకున్నాం. పాటలు నేను ఎంచాను. కథ అతను రాశాడు. అది వాళ్లమ్మ కథే: పెళ్లయి చూలైకి వచ్చి, భర్త పోయాక దుకాణాన్ని నిలబెట్టిన మనిషి కథ. ఆ వేషం అతని చెల్లెలిది.

దుకాణం పైగదిలో మొదటి రిహార్సల్. కోరస్‌కు వాళ్ల వీధి కుర్రాళ్లు నలుగురు వచ్చారు. ఆ అమ్మాయి "ఈడ నాకెవురుండారు? ఆడికి పోతే మాత్రం ఎవురుండారు?" అని, వెంటనే పాట ఎత్తుకుంది. నాకు అతుకు కనిపించింది. మాట ఒక మనిషిదీ పాట ఇంకో మనిషిదీ అనిపించింది. పాటను మార్చలేం, అది జనానికి కంఠతా వచ్చు. అందుకని మాటను మార్చాను. సంభాషణలన్నీ పాటల భాషలోకి దిద్ది, కొన్ని కొట్టేసి, ఆ చోట ఇంకొన్ని పాటలు దూర్చాను.

తర్వాతి ఆదివారం ఆమె చదువుతూ ఆగిపోయింది.

"ఏందిన్నా ఇది? మాయమ్మ ఇట్లా మాట్లాడుంటే మా నాయన ఆ పొద్దే పారిపోయుంటాడు!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "నాటకంలో మంచి తెలుగు ఉండాలమ్మా" అన్నాను.

"అయినా నేను మాట్లాడేదెప్పుడు? పాట అయితానే ఇంకో పాట వస్తా ఉండాదే!"

స్నేహితుడు నెమ్మదిగా అన్నాడు: "మా మాట మాదిరే ఉండనీన్నా. అమ్మ ముందు వరసలో కూర్చోనుంటాది."

"మీ మాట వింటే మిగతావాళ్లు నవ్వుతారు" అన్నాను.

వాళ్లమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఆరిపోతా ఉంది, తాగండి" అంది. అంతే.

ఆ తర్వాత ఆ అమ్మాయి పాటలో ఎప్పుడూ తడబడలేదు, మాటలోనే తడబడేది. విరామంలో అన్నాచెల్లెళ్లు తమిళంలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తమిళంలో వాళ్లను దిద్దేవాళ్లు లేరు. ఒక ఆదివారం ఆమె రాలేదు. తర్వాత కోరస్ వాళ్లూ మానేశారు. చివరికి నా దగ్గర పాటలు మాత్రం మిగిలాయి. పాటలు వినడానికైతే ఎవరికైనా ఫోను చాలు, నాటకం ఎందుకు?

వేదిక వద్దని సంఘానికి చెప్పేశాక, క్షమించమని అడగడానికి చూలై వెళ్లాను. అతను అద్దం కోస్తున్నాడు. తలెత్తి మర్యాదగా నవ్వాడు.

"వాంగ సార్, ఉక్కారుంగ" అని తమిళంలో పలకరించి కుర్చీ చూపించాడు.

తప్పంతా నాదేనని తెలుగులో చెప్పాను. "పరవాయిల్లె సార్" అన్నాడు.

లోపలినుంచి వాళ్లమ్మ గొంతు: "ఎవురురా వచ్చింది?"

అతను నా వైపు చూశాడు. "ఎవురూ లేదుమా" అన్నాడు.

అద్దం కోయడం అయ్యేదాకా కూర్చుని, లేచి వచ్చేశాను.