అక్క కొట్లో పరాయి మిషన్

మా మేనమామని వీధిలో అందరూ గీకుడు మామయ్య అంటారు. కొట్లలో కార్డు మిషన్లు పెట్టడం, అవి మొరాయిస్తే బాగుచేయడం ఆయన ఉద్యోగం. ఈ రోజుల్లో కార్డు గీకేవాళ్ళు లేరు, మిషన్ మీద అలా ఆనిస్తే చాలు. అయినా పేరు మాత్రం అంటుకుపోయింది. వయసులో ఆయనకంటే పెద్దవాడైన చెప్పుల కొట్టాయన కూడా "ఏం మామయ్యా" అనే పిలుస్తాడు. మామయ్య దానికీ సంతోషిస్తాడు. సంతోషించడానికి ఆయనకి పెద్ద కారణాలు అక్కర్లేదు, మిషన్‌లోంచి రసీదు వంకర పోకుండా వస్తే చాలు.

దారిలో ఏ కొట్లో మిషన్ కనిపించినా ఆగకుండా పోలేడు. మీటలన్నీ ఒకసారి నొక్కి చూస్తాడు. ముందు దాని బాగోగులు, ఆ తర్వాతే కొట్టువాళ్ళ బాగోగులు.

అలాంటి మనిషికి ఆ మధ్య పెద్ద పనే పడింది. కొత్త రూలొచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి, కార్డుతో కొన్నవాళ్ళ దగ్గర అదనంగా ఏమీ తీసుకోకూడదు. మిషన్ కంపెనీ కోసుకునే ఫీజు కొట్టువాళ్ళే భరించాలి. నోటిచ్చినా కార్డిచ్చినా బోర్డు మీద ఎంతుంటే అంతే. తప్పితే జరిమానా. ఈ సంగతి వీధిలో కొట్లన్నిటికీ చెప్పి, మిషన్లలో లెక్క మార్చి, అందరినీ సిద్ధం చేసే పని కంపెనీ మామయ్య నెత్తిన పెట్టింది.

మామయ్య కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. కళ్ళజోళ్ళ కొట్టాయన ‘కార్డుకు అదనం’ అన్న కాగితం బుద్ధిగా పీకేసి, ఆ చోటనే ‘మిషన్ అరుగుదల ఖర్చు’ అని కొత్తది అంటించాడు. "పేరు మారిస్తే సరిపోదండీ బాబూ!" అని మామయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తాళాలు చేసే ఆయన అదనం మానేశానని ఒట్టేసి, కార్డు చూపించిన వాళ్ళ దగ్గర టీ ఖర్చులని అడగడం మొదలెట్టాడు. మొత్తానికి బతిమాలో బెదిరించో అందరినీ దారికి తెచ్చాడు. కొట్లవాళ్ళు తమ ధరలు పిసరంత పెంచుకుని ఊపిరి పీల్చుకున్నారు.

దారికి రానిది ఒక్కటే కొట్టు. అది మాదే.

మాది ఆసుపత్రి ఎదురుగా బేకరీ. అమ్మ గల్లా దగ్గర, నేను ఓవెన్ దగ్గర. మామయ్యని చంకనెత్తుకుని పెంచింది కాబట్టి, ఆయన్ని తిట్టే హక్కు జీవితాంతం తనదేనని అమ్మ నమ్మకం.

"ధర పెంచేది లేదు," అంది అమ్మ.

"పిసరంతే కదక్కా."

"పిసరంతైనా ఎవరి మీద వేస్తున్నావో చూడు. డాక్టరుగారు కార్డిస్తారు. వార్డులు తుడిచే ఆవిడ చిల్లరిస్తుంది. ఆయన కార్డు ఖర్చు తీసుకెళ్ళి ఆవిడ బన్ను మీద వేయమంటావా?"

మామయ్య మిషన్ మీటలు ఊరికే ఒకసారి నొక్కాడు.

"పోనీ, ఫీజు నువ్వే భరించు," అన్నాడు నసుగుతూ.

"భరిస్తే నా చేతిలో మిగిలేది బూడిద! పట్టుకుపో నీ డబ్బాని. రేపట్నుంచి మా కొట్లో చిల్లరే."

నర్సులూ డాక్టర్లూ జేబులో కార్డు ముక్క తప్ప ఇంకేమీ పెట్టుకోరు. మా బేరంలో సగానికి పైగా వాళ్ళదే. మిషన్ తీసేస్తే లోపలి క్యాంటీన్‌కి పోతారు, పోయినవాళ్ళు మళ్ళీ రారు, కొట్టు మూసుకోవడమే. ఉంచితే తుడిచే ఆవిడ బన్ను ధర పెరగాలి. అమ్మ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. కానీ అది లేకపోతే అమ్మ అమ్మే కాదు, అదీ నాకు తెలుసు.

మా కొట్టుకి ఫీజు తగ్గించమని మామయ్య కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేశాడు. చిన్న కొట్లకి కుదరదన్నారు. నవ్వే మనిషి మొహం వేలాడేసుకుని తిరిగాడు. చివరికి తన జన్మలో చేయననుకున్న పని చేశాడు. హెల్మెట్ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

హెల్మెట్ ఆవిడ అవతలి మిషన్ కంపెనీ మనిషి. స్కూటర్ దిగినా హెల్మెట్ తీయదు కాబట్టి ఆ పేరు. మందుల కొట్టుని మామయ్య చేతిలోంచి ఎగరేసుకుపోయిన దగ్గర్నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాళ్ళ మిషన్ మందకొడిది, పెద్ద కొట్లు దాని మొహం చూడవు. ఫీజు మాత్రం బాగా తక్కువ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి మా కొట్లోకి వచ్చేసరికి, కొనుక్కోవడానికి వచ్చిన నర్సు కూడా నోరు వెళ్ళబెట్టింది. ఆ రోజు మాత్రం హెల్మెట్ ఆవిడ హెల్మెట్ తీసింది. మొహం కనపడేలా నవ్వాలని కాబోలు.

"మీ సొంత అక్కగారి కొట్లో మా మిషనా! మళ్ళీ చెప్పండి, చెవులారా వింటాను."

"నవ్వడం అయిపోతే ఆ వైరు ఇటివ్వండి," అన్నాడు మామయ్య.

అమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం గానీ వచ్చిందేంట్రా?"

"దీని ఫీజు మాదాంట్లో సగం కూడా లేదక్కా. ఇంత అయితే నువ్వే భరించొచ్చు, ఎవరికీ ధర పెంచక్కర్లేదు. కాస్త నత్తనడక, అంతే."

"మరి నీ కమీషను?"

"అది సర్లే. ఆ పాత వైరు పీకనీ."

ఒకటో తారీకు వచ్చింది, కొత్త మిషన్ ఎలా పనిచేస్తుందో చూడ్డానికి పొద్దున్నే మామయ్యా వచ్చాడు. వార్డులు తుడిచే ఆవిడ గల్లా మీద చిల్లర పోసి బన్ను తీసుకుంది. ఆవిడ వెనకే డాక్టరుగారు కార్డు ఆనించారు. ఇద్దరికీ ఒకటే ధర. మిషన్ ఆలోచించుకుంటూ ఉంటే ఆయన మా పైకప్పు చూస్తూ నిలబడ్డారు. అమ్మ మొహం వెలిగిపోయింది.

అప్పుడే మామయ్య ఫోన్ మోగింది. వాళ్ళ పైఅధికారి. ఆయన అరుపు మా అందరికీ వినపడింది. "సొంత అక్క కొట్లో అవతలివాళ్ళ మిషన్ పెట్టిస్తారా? మన పరువేం కావాలి? ఇవాళ్టి నుంచి ఆ వీధి మీది కాదు, వేరేవాళ్ళకి ఇచ్చేశాం!"

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ఉద్యోగం మొదలైందే ఈ వీధిలో. అమ్మ ఫోన్ లాక్కుంది.

"హలో, నేను వాడి అక్కని. కొట్లన్నీ రెడీ చేయమంది మీరేగా? నా కొట్టు రెడీ చేశాడు. మీ మిషన్లు మోస్తాడు కదాని మీవాడైపోడు. ముందు నా తమ్ముడు, ఆ తర్వాతే మీ మనిషి!"

ఫోన్ పెట్టేసి మామయ్య వైపు తిరిగింది. "ఉద్యోగం పోతే పోయింది. నా పక్కన ఇంకో కుర్చీ వేస్తాను, కూర్చో."

"ఉద్యోగం పోలేదక్కా," అన్నాడు మామయ్య. "వీధి ఒక్కటే పోయింది."

"ఓస్ అంతేనా! వీధి ఇవ్వడానికి వాళ్ళెవర్రా? ఇక్కడుండేది మేము. మేమిస్తున్నాం, తీసుకో."

మామయ్య నవ్వబోయి ఏడ్చేశాడు. అది చూసి అమ్మా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఓవెన్‌లో బన్నులు మాడుతున్న వాసన వస్తున్నా ముగ్గురిలో ఒక్కరమూ కదల్లేదు.