టస్సరు కోటు విచారణ

టీకాల జగన్నాథరావుకి పేకాట లేదు, పొడుం లేదు, పరాయివాళ్ల సంగతులు చెప్పుకునే సరదా అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. ఏటా వేసవి చివర ఆయన తన బట్టలమీద విచారణ జరిపేవాడు. ఏ చొక్కా ఒళ్లొంచి పనిచేసిందో, ఏ పంచె పెట్టెలో పడుకుని పొద్దు పుచ్చిందో తేల్చి, పనిచేసినదాన్ని మెచ్చుకుని, చెయ్యనిదానికి శిక్ష వేసేవాడు. లోకంలో మగవాళ్లంతా బట్టలు ఉతికించుకుంటారు, ఇస్త్రీ చేయించుకుంటారు. వాటిని సంజాయిషీ అడిగినవాడు మాత్రం ఆయనొక్కడే.

కొండ గూడేలన్నీ తిరిగి మశూచికానికి టీకాలు వెయ్యడం ఆయన ఉద్యోగం. దూరాన ఆయన టోపీ కనిపిస్తే పిల్లలు చెట్లెక్కేవారు. ఇంకా రైలు కొండెక్కని రోజులవి. శృంగవరపుకోటనుంచి ఘాటు దారిలో ఎడ్లబండిమీద అరకు చేరేసరికి మనిషి నడుం, బండి ఇరుసు ఒకేలాగ మూలిగేవి. అలా వచ్చినప్పుడే ఆయన భార్య రత్నాలు అంది, "ఈ కొండమీద ఎండాకాలం ఉంటాదా అండీ?" అని. "కాలం అన్నాక ఎక్కడికైనా వస్తుంది" అన్నాడాయన ధీమాగా.

రాలేదు. కింద శృంగవరపుకోటలో రోహిణి ఎండకి రోళ్లు పగులుతుంటే, అరకులో సాయంత్రమయ్యేసరికి వడగళ్లు పడి జనం పొయ్యి దగ్గర చేరేవారు. అయినా జగన్నాథరావు ఏటా కిందనుంచి మల్లు చొక్కాలు, పల్చటి పంచెలు తెప్పించుకునేవాడు. చలికి పళ్లు టకటకలాడుతున్నా మల్లు చొక్కా తొడుక్కుని వీధరుగుమీద కూర్చునేవాడు.

"ఏటండీ ఈ మొండితనం? దుప్పటి కప్పుకోండి."

"వైశాఖంలో దుప్పటేమిటే? వేసవి రాకపోవడం వేసవి తప్పు. నేను హాజరయ్యాను."

విచారణకి ఆయన పద్ధతి ఆయనకుంది. ఆ చుట్టుపక్కల వేపచెట్టు లేదు. అందుకని ఉగాది పచ్చడికి కోటలో ఉన్న రత్నాలు పుట్టింటివాళ్లు వేపపువ్వు, దాంతోపాటు పురుగు పట్టకుండా బట్టల్లో పెట్టుకోమని వేపమండలు బండి పోలయ్యచేత పంపేవారు. జగన్నాథరావు ఒక్కొక్క బట్ట మడతలో ఒక్కొక్క ఆకు పెట్టేవాడు. బట్ట విప్పితే ఆకు రాలిపోతుంది. మళ్లీ పెట్టకూడదు. వేసవి చివర ఎవరి మడతలో ఆకు చెక్కుచెదరకుండా దొరికితే వాళ్లు సోమరులన్నమాట.

ఆ రోజు అరుగే కోర్టు. ఆయన బల్లమీద, బట్టలు చాపమీద, పిలుపులకి రత్నాలు.

"మల్లు చొక్కా హాజరా?"

"హాజరే. దానికి నోరు లేదుగాబట్టి నాను సెప్తన్నాను. పొయ్యిమీద పులుసుంది, బేగి కానియ్యండి."

ఏటా మొదటి బహుమతి ఒక గళ్ల చొక్కాకే. దాని మడతలో ఆకు మాట దేవుడెరుగు, దానికసలు మడతే ఉండేది కాదు. ఎప్పుడు చూసినా ఆయన ఒంటిమీదో, దండెంమీదో ఉండేది. కాలరు చిరిగితే తిప్పి కుట్టించాడు, మోచేతులకి మాసికలు వేయించాడు. దాన్ని 'సీనియరు' అని పిలిచేవాడు. రత్నాలు దాన్ని పిలిచే పేరు అచ్చులో వెయ్యదగింది కాదు.

ఇక శిక్షలు. నేరం రుజువైన బట్టని ఆయన ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదు. ఎవరో ఒకరికి అప్పగించి, "దీనిచేత చాకిరీ చేయించు" అనేవాడు. బండి పోలయ్య మహా పౌరుషం గల మనిషి. ఊరికే ఇస్తే నిప్పు కూడా పుచ్చుకోడు. అతనికి ఒక జరీ పంచె అప్పగించాడు.

"నాకేల బాబూ? నానేటి ముష్టోడినా?" అన్నాడు పోలయ్య.

"నీకని ఎవరన్నారు? శిక్ష పంచెకి. బండిమీద ఎండా వానా తినిపించు. సుఖపెట్టావంటే ఊరుకోను."

"అలగైతే ఇలాగివ్వండి. దీని పని నాను సూత్తాను" అని పోలయ్య ఆ పంచెని మెడబట్టి తీసుకుపోయాడు.

అలాగే ఊళ్లో సోములుకి ఒక లాల్చీ వెళ్లింది, అప్పలస్వామికి ఒక కండువా. కొండవాలులో సామలు పండించుకునే సోంబరుకి మాత్రం తెల్ల టోపీ వంతొచ్చింది. సోంబరు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, తీసుకెళ్లి చేలో దిష్టిబొమ్మ నెత్తిన పెట్టాడు. "టీకాల బాబొచ్చాడనుకుని పిట్టలు కూడా వాలట్లేదు" అన్నాడు నవ్వుతూ. జగన్నాథరావు పొంగిపోయాడు. "చూశావటే? నా దగ్గర పెట్టెలో నిద్రపోయినవాడు అక్కడ రాత్రింబవళ్లు డ్యూటీ చేస్తున్నాడు!"

దీంతో రత్నాలుకి సంతకి వెళ్లడం ఇబ్బందైపోయింది. జనంలో మొగుడి పంచె కనిపించి, "ఏవండీ, అల్లం మర్చిపోయారు!" అని కేకేస్తే పోలయ్య వెనక్కి తిరిగేవాడు. ఒకనాడు మొగుడి లాల్చీ వెనకాల సగం సంత నడిచి, చివరికి అది సోములని తెలిసి, చింతపండు బేరం చేస్తున్నట్టు నటించాల్సి వచ్చింది.

ఆవిడకి ఇంకో బాధ కూడా ఉండేది. పెరట్లో ఒక కరివేపమొక్క. కోటనుంచి తెచ్చి, అరకు చలికి బుట్ట కప్పి పెంచుకుంటోంది. ఏటా సరిగ్గా విచారణ రోజులకే దాని రెమ్మలు మాయమయ్యేవి. ఆ పూట పులుసులో వెయ్యడానికి ఆకుండేది కాదు. "ఇవాళ కరివేపాకు లేదేం?" అని జగన్నాథరావు అమాయకంగా అడిగేవాడు. "సుక్రు మేక మేసీసింది!" అని రత్నాలు మండిపడి, పొరుగున ఉన్న సుక్రు దగ్గరకెళ్లి అతన్నీ మేకనీ కలిపి తిట్టి వచ్చేది. ఆ మేక పాపం ఆవిణ్ని చూస్తేనే కట్టుగొయ్య చాటుకి పోయేది.

ఇలా ఉండగా రత్నాలు తమ్ముడికి పెళ్లి కుదిరింది. జ్యేష్ఠమాసంలో, కోటలో. ఆవిడకి ఒకటే కోరిక. వదినలు, పిన్నమ్మలు, అక్కచెల్లెళ్లు అందరూ చేరే ఆ పందిట్లో తన మొగుడు టస్సరు కోటు తొడుక్కుని నిలబడాలి. ఏజెన్సీలో పడి ఉన్నారని తమని చూసి జాలిపడే నోళ్లన్నీ ఒక్క పూట మూతపడాలి. ఆ కోటు రత్నాలు తండ్రి అల్లుడికని విజయనగరంలో కుట్టించి పెట్టింది. తేనెరంగు పట్టు, కొమ్ము గుండీలు. దాన్ని దులిపినప్పుడల్లా రత్నాలు ఆ పెళ్లి పందిరంతా కళ్లారా చూసుకునేది.

పెళ్లికి ముందు విచారణ వచ్చింది. చిట్టచివర జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు.

"టస్సరు కోటు!"

రత్నాలు ధీమాగా తెచ్చి చాపమీద పెట్టింది. ఆయన మడత విప్పాడు. లోపల ఒక ఆకు, చెక్కుచెదరకుండా, పడుకుని ఉంది.

"అదేటండీ!" అని రత్నాలు అదిరిపడింది. "మొన్న పెద్ద డాక్టరు దొర వచ్చినప్పుడు తొడిగారు కదా! నానే దులిపి మడతెట్టాను!"

"నువ్వు సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు."

"ఏం? ఎందుకు?"

"ముద్దాయి మీ పుట్టింటినుంచి వచ్చాడు. పుట్టింటివాళ్ల తరపు సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. శిక్ష ఖాయం. మిషను బడి మార్కుకి అప్పగించడమైనది."

"మరి మా తమ్ముడి పెళ్లికి ఏటి తొడుక్కుంటారు?"

"సీనియరు ఉన్నాడుగా!"

సాయంత్రానికల్లా కోటు వెళ్లిపోయింది. రత్నాలుకి ఒళ్లు మండిపోయింది, ఆ మంటలో ఏడుపు కూడా వచ్చింది. అరుగు ఊడుస్తుంటే ఆ పాపిష్టి ఆకు చీపురుకి తగిలింది. చేతిలోకి తీసుకుని కసిగా నలిపింది. నలిపి, ఆగిపోయింది. వాసన చూసింది. వేపాకు అంచుకి రంపపు పళ్లుంటాయి, దీనికి లేవు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పోపులు వేస్తున్న ఆడమనిషి ముక్కుని మోసం చెయ్యడం బ్రహ్మతరం కాదు.

కరివేపాకు!

అంటే ఉగాదినాటి వేపాకు ఎప్పుడో రాలిపోతే, న్యాయాధిపతిగారే పెరట్లోకెళ్లి దొంగసాక్షిని తెచ్చి పెట్టాడన్నమాట. మా నాన్న పెట్టిన కోటంటే ఇంత చులకనా, అనుకుంది రత్నాలు. మొగుడితో పోట్లాడి లాభం లేదు, ఆయన చట్టం మాట్లాడతాడు. నేరుగా వెళ్లి కోటు వెనక్కి తెచ్చుకోవాలి. తెల్లవారగానే కొంగు బిగించి మార్కు ఇంటికి బయల్దేరింది.

మార్కు మిషను బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పే కుర్రపంతులు. తల్లి అంతోనమ్మ, తనూ, ఒక్క గది ఇల్లు. కిందటి క్రిస్మసుకి జగన్నాథరావు కొత్త గుడ్డ ఇస్తే, "మీ దయ చాలండి" అని చేతులు జోడించి వెనక్కి ఇచ్చేసినవాడు. రత్నాలు వెళ్లేసరికి అతను టస్సరు కోటు తొడుక్కుని వాకిట్లో ఇటూ అటూ కవాతు చేస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావు మార్కూ?"

"కోటుకి డ్యూటీ ఇస్తన్నానండి, అమ్మగారూ! రోజూ నడిపించమన్నారు బాబుగారు. శుద్ధ సోమరంట కదా. దారిలో పెట్టాలంటే పంతులే ఉండాలని నాకు అప్పగించారు. ఇంత నమ్మకం పెట్టుకున్నాక కాదనలేకపోయాను." మార్కు మొహం నిజంగానే బాధ్యతతో బరువెక్కి ఉంది. "రేపు దీన్ని పట్నం కూడా తీసుకెళ్తన్నానండి. అక్కడ ట్రైనింగుకి పంతుళ్లని ఎంచుతారు."

"కిందటేడు కూడా వెళ్లావు కదా?"

మార్కు నవ్వాడు. "వెళ్లానండి. కుడి మోచేతి దగ్గర చొక్కా చిరిగింది. అది కనపడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకు నించున్నాను. నల్లబల్లమీద రాయమన్నారు. ఏం చెయ్యను? ఎడంచేత్తో రాశాను. ఈ రాతతో పిల్లలకేం నేర్పుతావని పంపించేశారు." కోటు మోచేతిని ఒకసారి తడుముకున్నాడు. "ఈసారి కుడిచేత్తో రాస్తానండి."

రత్నాలు నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఈ కోటు సోమరి కాదు, మా తమ్ముడి పెళ్లికి దాచుకున్నది అంటే, ఈ పిల్లాడు ఆ క్షణంలోనే విప్పి చేతిలో పెడతాడు. మళ్లీ ఎడంచేత్తో రాస్తాడు.

ఇంతలో తలుపు చాటునుంచి అంతోనమ్మ గొంతు వినిపించింది. "అమ్మా, లోనికి రమ్మందునుగానీ, నా కోక ఇంకా ఆరలేదు. ఏటనుకోకండి." తీగమీద ఒకే ఒక్క చీర నీళ్లు కారుతోంది.

"దానికేటమ్మా, నాను మళ్లీ వస్తాను" అంది రత్నాలు. తర్వాత మార్కు వైపు తిరిగి, మొగుడి గొంతుకేమీ తీసిపోకుండా గద్దించింది. "మార్కూ! ఆ కోటుకి అలుసివ్వకు. కాస్త వదిలావంటే పెట్టెలో పడుకుంటాది. గట్టిగా పని చేయించు, తెలిసిందా?"

"చిత్తం, అమ్మగారూ!"

దారిలో సుక్రు ఎదురొచ్చి గాభరాపడ్డాడు. "అమ్మా, నా మేక రాలేదు! కట్టేసే ఉంచినాను!"

"తెలుసులే. అది మహాతల్లి" అంది రత్నాలు. ఇంటికెళ్లి పనసతొక్కలు తెచ్చి మేక ముందు పోసింది. అన్నేళ్ల తిట్లు తిన్న మేక కదా, చాలాసేపు ఆ తొక్కల్ని నమ్మలేదు.

మొగుడితో మాత్రం ఆవిడ ఒక్క ముక్క అనలేదు. కోటలో పెళ్లి వైభవంగా జరిగింది. పందిట్లో జగన్నాథరావు మాసికల గళ్ల చొక్కామీద కండువా వేసుకుని, మహారాజులా బంతిలో కూర్చున్నాడు. పెద్దవదిన పైడితల్లి వడ్డిస్తూ అందరికీ వినపడేలా అడిగింది.

"ఏటే రత్నాలూ, మామగారు మీ ఆయనకి టస్సరు కోటు కుట్టించారు కదే, ఏదీ?"

బంతి అంతా తలలు తిప్పింది. రత్నాలు ఇన్నాళ్లూ భయపడిన క్షణం అదే. తీరా వచ్చాక ఆవిడకి భయమే వెయ్యలేదు.

"దాన్ని పట్నానికి ట్రాన్స్‌ఫర్ చేశారు వదినా. ప్రమోషన్ మీద వెళ్లింది."

పైడితల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. జగన్నాథరావుకి పొలమారింది. దగ్గుతూ దగ్గుతూ పెళ్లాం మొహంలోకి చూశాడు. రత్నాలు మంచినీళ్ల చెంబు అందించి, "నెమ్మదిగా తినండి" అంది.

మార్కు కుడిచేత్తో రాశాడు. ట్రైనింగులో చేరాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా అరుగు దగ్గరకి వచ్చి, కోటు ప్రవర్తన బాగుందని చెప్పి వెళ్లేవాడు.

మళ్లీ వేసవి వచ్చింది, అంటే రాలేదు, పంచాంగం ప్రకారం అయిపోయింది. అరుగుమీద కోర్టు తీరింది. సీనియరుకి బహుమతి, మల్లు చొక్కాకి మందలింపు అయ్యాక, రత్నాలు లోపలికెళ్లి తన పెట్టె ఈడ్చుకొచ్చింది.

"ఇదేమిటి?"

"నావి కూడా విచారించండి. మడతల్లో ఆకులు నాను కూడా పెట్టాను."

జగన్నాథరావు ఒక్కో చీర మడత చూసుకుంటూ వచ్చాడు. అడుగున నీలం బొబ్బిలి నేతచీర. దాని మడతలో ఆకు, నవనవలాడుతూ. తీశాడు. అంచు తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది పండక్కి కట్టుకున్నావు కదే? నేను చూశాను."

"మీరు సాక్ష్యం చెప్పకూడదు. మొగుడి సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదండీ."

జగన్నాథరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. గొంతులో గాంభీర్యం తెచ్చుకోబోయాడుగానీ కుదరలేదు. "శిక్ష ఖాయం. ఎవరికి అప్పగించమంటావు?"

"అంతోనమ్మకండీ. ఆవిడ కోకచేత చాకిరీ చేయించడంలో గట్టి మనిషి."

చీర అప్పగించి వచ్చి ఇద్దరూ భోజనాలకి కూర్చున్నారు. జగన్నాథరావు పులుసు కలుపుకుని, ఒక ముద్ద తిని, అలవాటు చొప్పున అడిగాడు.

"ఇవాళ కరివేపాకు లేదేం రత్నాలూ? సుక్రు మేకేనా?"

"మేకనేమీ అనకండి" అంది రత్నాలు ఇంకో గరిటె పోస్తూ. "మొక్కనున్న నాలుగాకులూ కోర్టుకే సరిపోయాయండీ."