బ్రాడ్‌గేజ్ కర్ర

మా ఊరి బజారును ఎవరో పటం గీసి కట్టించారంటే నాకు ఒళ్లు మండుతుంది. బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లను స్కేలు పెట్టి గీసినట్టు వరసగా కట్టారు, నిజమే. కానీ వాటిలో కాపురముండేవాళ్లు ఎండుచేపలు ఎక్కడ కొనుక్కోవాలో ఏ పటంలోనూ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా ఆడవాళ్లు రోడ్డు పక్కన గోనెలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్లు కూర్చున్న చోటే బజారైంది. అందులో అమ్మ దుకాణం ఒకటి.

ఆ దుకాణాన్ని నేనే చెరిపేశాను.

వ్యాపార్ విహార్‌లో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ మీద పటాలు గీసే ఉద్యోగం నాది. ఊరి నడిబొడ్డుకు కొత్త ప్లాను తయారవుతోంది. రోడ్డు వెడల్పు చేసేచోట బూడిదరంగు నింపమన్నారు. నింపుతుంటే ఇది మా బజారేమో అనిపించింది. సాయంత్రంలోపు ఇచ్చెయ్యాలని మళ్లీ చూడలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అభ్యంతరాలుంటే చెప్పుకోమని పటాన్ని మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించారు. నాన్న రైలు పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యాడు. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు వెతికాడు.

"ఏటే ఇది? మీ అమ్మ దుకాణం ఏదే?"

"అక్కడ రోడ్డొస్తాది నాన్నా. నానే గీసాను."

"అచ్ఛా. ఎల్లి కొలిసావా?"

కొలవలేదని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా పెరట్లో అమ్మ బట్టలు ఆరేసే వెదురు కర్ర ఒకటుంది. బ్రాడ్‌గేజ్ లైనులో రెండు పట్టాల మధ్య ఎంత దూరముంటుందో సరిగ్గా అంతకు నాన్న కోసుకున్నది. ఆదివారం షాపులు మూసి ఉండగా దాన్ని రోడ్డుకు అడ్డంగా వేసుకుంటూ వెళ్లాడు, నేను రాసుకున్నాను. సంగతి అప్పుడు బయటపడింది. అవతలి వైపు పెద్ద షోరూమ్ మెట్లు రెండు కర్రల మేర రోడ్డులోకి వచ్చేశాయి. నేను ఆ మెట్లనే రోడ్డు అంచు అనుకుని, తగ్గిన వెడల్పును అమ్మ వైపు నుంచి తీసుకున్నాను.

మా అభ్యంతరం మీద మున్సిపల్ ఆఫీసులో జరిగిన విచారణకు నాన్న ఆ కర్రతోనే వచ్చాడు. అధికారి నవ్వాడు. "కర్రతో సర్వే ఏమిటయ్యా?" అన్నాడు హిందీలో.

నాన్న మాత్రం తెలుగులోనే అందుకున్నాడు. "ఈ కొలత ఏలెడు తప్పితే రైలు పడిపోద్ది సాబ్. మీ పటం రెండు కర్రలు తప్పింది."

అధికారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్జుమా చెయ్యడానికి నేను లేచాను. కంపెనీ తరఫున వచ్చిన మా మేనేజర్ కూర్చోమన్నట్టు కళ్లెర్రజేశాడు. నాన్న మాటలు హిందీలో చెప్పి ఊరుకోలేకపోయాను. "ఆ గీత నాది సార్. వెళ్లి చూడకుండా గీశాను. అది తప్పు. రాసుకోండి," అన్నాను. అధికారి రాసుకునేదాకా కూర్చోలేదు.

ఉద్యోగం ఆ వారమే పోయింది. తీర్పు ఇంకా రాలేదు. నేను అమ్మ పక్కన కూర్చుని చేపలు తూస్తున్నాను, అమ్మ నా తూకాన్ని నమ్మక మళ్లీ తూస్తోంది. కర్ర ఇప్పుడు దుకాణంలో నా వెనకే ఆనించి ఉంటుంది. రోడ్డుకు గుర్తు గీయడానికి సున్నం డబ్బా పట్టుకుని ఎవరైనా వస్తే ముందు ఆ కర్రను చేతికిస్తాను. షోరూమ్ మెట్ల దగ్గర మొదలుపెట్టి కొలుచుకుంటూ రమ్మంటాను.